జీతాలకు అతిగా ఖర్చుపెట్టే ఫుట్‌బాల్ క్లబ్బులు: పాయింట్ల కోతా, జరిమానా, ముందే తలుపు మూయడమా, ఏది మేలు?

2023 మే 28, ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో సీజన్ చివరి రోజు. ఎవర్టన్ బోర్న్‌మత్ మీద 1-0తో గెలిచి 36 పాయింట్లతో గట్టెక్కింది, 34 పాయింట్లున్న లెస్టర్ కింది డివిజన్‌కి పడిపోయింది. అప్పటికి రెండు నెలలుగా ఎవర్టన్ నష్టాలు లీగ్ అనుమతించిన పరిమితి దాటాయని కేసు నడుస్తూనే ఉంది. నవంబర్‌లో తీర్పు వచ్చింది: 2021-22తో ముగిసిన కాలానికి లెక్కతేలిన నష్టం 12.45 కోట్ల పౌండ్లు, అనుమతి ఉన్నది 10.5 కోట్లకే, కాబట్టి 10 పాయింట్ల కోత. అప్పీల్‌కి వెళ్తే అది 6కి తగ్గింది. ఇప్పుడు మీరే లెక్క వేయండి. ఆ 6 పాయింట్లు తప్పు బయటపడాల్సిన 2022-23 సీజన్‌లోనే తీసేసి ఉంటే ఎవర్టన్‌కి మిగిలేవి 30, పడిపోయేది వాళ్లే, లెస్టర్ నిలిచేది.

పాయింట్ల కోత మీద నా అసలు అభ్యంతరం ఇదే. శిక్ష గట్టిదే, కానీ పడాల్సిన ఏడాది పడదు. 2024 ఏప్రిల్‌లో తర్వాతి లెక్కల మీద ఇంకో 2 పాయింట్లు కోశారు, అయినా ఎవర్టన్ 40 పాయింట్లతో ఆ సీజన్ కూడా దాటేసింది. మధ్యలో ఆర్నెల్లు ఎవర్టన్ మైదానం గుడిసన్ పార్క్‌లో కూర్చున్న జనానికి టెన్షన్. ఆటగాళ్లకు అంతంత జీతాలు రాసిచ్చింది వాళ్లు కాదు కదా! రాసిచ్చిన యాజమాన్యానికి పాయింట్లు పోతే పట్టికలో ఒక అంకె మారుతుంది, అంతే.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ ఇంకో రకం. రెండేళ్లు కింది డివిజన్‌లో ఉండి వచ్చారు కాబట్టి వాళ్లకు అనుమతించిన నష్టం 6.1 కోట్ల పౌండ్లే, దాన్ని 3.45 కోట్లు దాటారు, 2024 మార్చిలో 4 పాయింట్లు పోయాయి. వాళ్ల వాదన ఏమిటంటే, తమ అకాడమీలోనే పెరిగిన బ్రెన్నన్ జాన్సన్‌ని లెక్కల గడువైన జూన్ 30 లోపే అమ్మేస్తే తక్కువ ధరకు పోయేవాడు, ఆగినందుకు టాటెన్‌హామ్ 4.75 కోట్లు ఇచ్చింది అని. కేసు విన్న కమిషన్ ఒప్పుకోలేదు. నిబంధన చూస్తే కమిషన్‌దే సరైన మాట, కానీ ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. కొన్న ఆటగాడి ధరను కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి ఖాతాలో రాస్తారు, అతన్ని అమ్మితే మిగిలిన భాగం పోగా వచ్చిందే లాభం. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడిని అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకని జూన్ వచ్చేసరికి ఊళ్లో పుట్టి, ఆ జెర్సీ వేసుకుని పెరిగిన పిల్లవాడే ముందు బేరానికి వస్తాడు, బెంచి మీద కూర్చుని పెద్ద జీతం తీసుకునేవాడు అలాగే ఉంటాడు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

ఇక జరిమానా. దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు, డబ్బున్నవాళ్లకు ఇది దున్నపోతు మీద వాన. 2014లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ మాంచెస్టర్ సిటీకి 6 కోట్ల యూరోల జరిమానా వేసింది, అందులో 4 కోట్లు షరతుల మీద పక్కనపెట్టింది. 2025 జులైలో చెల్సీకి 3.1 కోట్ల యూరోలు, షరతులు తప్పితే ఇంకా. అంతకుముందే చెల్సీ తన రెండు హోటళ్లను, మహిళల జట్టును తన యజమానుల కంపెనీలకే అమ్మి ఇంగ్లండ్ లెక్కల్లో లాభం చూపించుకుంది, యూఈఎఫ్‌ఏ మాత్రం ఆ లాభాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అది మంచి పని. జీతాలు, బదిలీల ఖర్చు ఆదాయంలో 70 శాతం దాటకూడదన్న నియమం కూడా మంచిదే. కానీ శిక్ష మళ్లీ డబ్బే అయితే, అది పెద్ద క్లబ్బు బడ్జెట్‌లో ఇంకో ఖర్చు కింద కలిసిపోతుంది.

మూడోది స్పెయిన్ పద్ధతి. 2011 ఆగస్టులో అక్కడ లీగ్ మొదటి రౌండే ఆగిపోయింది, జీతాలు అందలేదని ఆటగాళ్లు సమ్మె చేశారు, 200 మందికి పైగా ఆటగాళ్లకు దాదాపు 5 కోట్ల యూరోల బాకీ. ఆ గతి మళ్లీ పట్టకూడదని 2013 నుంచి ఆ లీగ్, అంటే లా లీగా, ముందే లెక్క చూడటం మొదలుపెట్టింది. నీ ఆదాయం ఇంత, అప్పు తీర్చాల్సింది ఇంత, కాబట్టి జట్టు మీద ఇంతే ఖర్చుపెట్టు, అంతకు మించితే కొత్త ఆటగాడి పేరు రిజిస్టర్ కాదు, అంతే. తప్పు జరిగాక శిక్ష వేయడం కాదు, తప్పు జరగనివ్వకపోవడం.

ఈ తలుపు ఎంత గట్టిదో 2021 ఆగస్టులో లోకమంతా చూసింది. బార్సిలోనా అప్పు 135 కోట్ల యూరోలు, జీతాలే ఆదాయంలో 103 శాతం అని అధ్యక్షుడు లాపోర్టా స్వయంగా చెప్పాడు. మెస్సీ సగం జీతానికి ఒప్పుకున్నా పేరు ఎక్కించడానికి చోటు లేదు, ఏడుస్తూ వెళ్లిపోయాడు. నేనూ ఆ రోజు చాలా బాధపడ్డాను, ఇంత కఠినమా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అంతటి ఆటగాడి కోసం కూడా సడలించలేదంటే నియమం అందరికీ ఒకటేనన్న నమ్మకం కుదిరింది.

సందులు లేవని కాదు. 2022లో బార్సా తన లీగ్ టీవీ హక్కుల ఆదాయంలో 25 శాతాన్ని పాతికేళ్లకు అమ్మేసుకుంది. పాతికేళ్ల పంటలో పావలా వంతు ఇవాళే అమ్ముకున్నట్టు. 2025 జనవరిలో బార్సా ఆటగాడు డానీ ఓల్మో రిజిస్ట్రేషన్ గడువు అయిపోయి లీగ్ కాదంటే, ప్రభుత్వ క్రీడా మండలి తాత్కాలిక అనుమతి ఇచ్చి ఆడించింది. తలుపు వేసినవాడి చేతిలోనే తాళం ఉండాలి, లేకపోతే ఈ పద్ధతి కూడా నీరుగారిపోతుంది.

అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే ఆలస్యమైతే ఎవరు మునుగుతారో పోర్ట్స్‌మత్‌లో కనబడింది. 2008లో ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టు, 2010 ఫిబ్రవరికి దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 9 పాయింట్ల కోత, కింది డివిజన్. ఫుట్‌బాల్ నియమం ప్రకారం ఆటగాళ్ల జీతాలు, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా తీర్చాలి, మిగతావాళ్లు వచ్చినంతే తీసుకోవాలి. ఆ మిగతావాళ్లలో మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది. 2013కి క్లబ్బు నాలుగో అంచెకు జారింది, చివరికి అభిమానులే చందాలు వేసుకుని కొనుక్కున్నారు.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ట్రోఫీ గెలిచింది, రెండేళ్లు తిరగకముందే జీతాల బాకీలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ నిషేధం, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి కుర్రాళ్లతో సీజన్ నెట్టుకురావడం, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోవడం. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో జట్టు జీతాలకు పరిమితి ఉండేది, అయినా ఇలా జరిగింది. అందుకే స్పెయిన్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పరిమితి అంకె కాదు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో సీజన్ మొదలుకాకముందే చూపించమనడం.