హేవ్‌లాకా, నీలా? నడిచేవాళ్లకు ఏ దీవి మేలు?

హైదరాబాద్ నుంచి అండమాన్‌కు నేరుగా విమానాలు ఉన్నాయి కాబట్టి, చలికాలం వస్తే చాలు, కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ల మధ్య అక్కడి హేవ్‌లాక్ దీవి మేలా, నీల్ దీవి మేలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ట్రావెల్ ఏజెంట్లు ఎక్కువగా ఇచ్చే ప్లాన్ ఒకటే. హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒక పూట. స్కూబా, రిసార్టు కోసం వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది. నడక కోసం వెళ్లేవాళ్లు మాత్రం ఆ లెక్క తిరగేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

2018 చివర్లో హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అని, నీల్ పేరు షహీద్ ద్వీప్ అని మారింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. బుకింగ్‌లో కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు.

నిజమైన అడవి నడక కావాలంటే హేవ్‌లాకే. రాధానగర్ వెళ్లే రోడ్డు మీద నుంచి ఎలిఫెంట్ బీచ్‌కు కాలిబాట ఉంది. సుమారు రెండు కిలోమీటర్లు, ముప్పావు గంట నడక. దారంతా పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు చెట్లు. వేర్లు దారికి అడ్డంగా పాకి ఉంటాయి, ఎండ నేలకు దిగేది తక్కువ, తేమకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అనంతగిరి కొండల్లో నడిచినవాళ్లకు ఎత్తుపల్లాలు కష్టమనిపించవు కానీ ఈ ఉక్కపోత కొత్త. చివర్లో నేల చదునై, మడ అడవి మొదలవుతుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్ల మధ్య జాగ్రత్తగా అడుగులు వేయాలి. పోటు బాగా ఉన్నప్పుడు అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా సముద్రం, ఒడ్డున 2004 సునామీకి కూలిపోయి తెల్లబడిన పెద్ద పెద్ద మాన్లు.

ఇదే బీచ్‌కు జెట్టీ నుంచి పడవలో కూడా తీసుకెళ్తారు, చాలామంది అలాగే వెళ్తారు. దయచేసి ఒకవైపైనా నడవండి. పడవలో వెళ్తే మీకు మిగిలేది జెట్‌స్కీల హోరు, జనం మాత్రమే. అడవి నడకకు గైడ్‌ను పెట్టుకోవడం మంచిది. వాన పడితే బురద జారుతుంది, దారి మూసేస్తారు కూడా. బయలుదేరే ముందు అటవీ శాఖ వాళ్లను అడగాలి.

రాధానగర్ బీచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచ్‌గా ఎంచింది. దాదాపు రెండు కిలోమీటర్ల మెత్తటి ఇసుక, ఇసుక అంచు వరకూ చెట్లు. మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఉన్నచోట నీళ్లలోకి దిగొద్దు.

హేవ్‌లాక్‌లో ఇబ్బంది ఏమిటంటే, దీవి పెద్దది. ఒక నడకకూ ఇంకో నడకకూ మధ్య ఆటోనో, స్కూటరో కావాలి. ఆటో కోసం బేరం, తిరిగి వచ్చేటప్పుడు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్. రోజంతా కాళ్లను నమ్ముకుని తిరిగే హాయి అక్కడ లేదు.

ఆ హాయి నీల్‌లో ఉంది. ఊళ్ల పేర్లు వింటేనే మనవాళ్లకు సొంతూరికి వచ్చినట్టుంటుంది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు ఇక్కడ స్థిరపడి వరి, కూరగాయలు పండిస్తున్నాయి. గది నుంచి బయటికి వచ్చి పొలాలు, పోకచెట్లు, అరటితోటల మధ్య నడుచుకుంటూ పోతే ఏ దిక్కున వెళ్లినా కాసేపటికి సముద్రమే తగులుతుంది. సూర్యోదయానికి సీతాపూర్, సూర్యాస్తమయానికి లక్ష్మణ్‌పూర్. గడియారం మనదే అయినా ఇక్కడ సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందే వస్తాడు. చలికాలంలో కూడా ఐదున్నరకల్లా వెలుతురు ఉంటుంది. సాయంత్రం కూడా అంతే తొందరగా చీకటి పడుతుంది, టార్చ్ దగ్గరుంచుకోండి.

నీల్‌లో అసలు నడక మాత్రం సహజ శిలావంతెన దగ్గర, అదీ ఆటు సమయంలో. నీళ్లు వెనక్కి తగ్గితే పగడపు రాతి నేల చాలా దూరం బయటపడుతుంది. గుంటల్లో సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు, పీతలు, చిన్న చిన్న చేపలు, సజీవ పగడాలు. పోటులో వెళ్తే అవేవీ కనిపించవు, వంతెన దాకా నడవడమే కష్టం. ఒక పూట ప్యాకేజీతో నష్టం ఇక్కడే. మీ పడవ వచ్చిన గంట, సముద్రం వెనక్కి తగ్గే గంట కలవకపోతే అంత దూరం వెళ్లి చూడాల్సింది చూడకుండా వచ్చేస్తారు. ఆటు సమయం రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా వెనక్కి వెళ్తాయి, సప్తమి, అష్టముల్లో తక్కువ. ఇంట్లో గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూసుకుని, ఆటుపోట్ల వేళలు ఫోన్‌లో చూసుకుని టికెట్లు తీసుకోండి. ఆ రాళ్లు పదును, నాచుకు జారతాయి. పట్టీలున్న రబ్బరు చెప్పులు తప్పనిసరి. పగడం ముక్క కూడా తీయకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

అమ్మానాన్నలతో వెళ్తే ఆలోచించక్కర్లేదు, నీల్. అలసిపోతే ఎక్కడైనా ఆగొచ్చు, ఊరు దగ్గర్లోనే ఉంటుంది. శిలావంతెన రాళ్ల మీదికి మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లొద్దు. కాలేజీ పిల్లలైతే హేవ్‌లాక్ అడవి వాళ్లకు బాగా నచ్చుతుంది. ఇంకా పెద్ద అడవి నడక, జనం లేని తీరం కావాలనేవాళ్లకు లాంగ్ ఐలాండ్‌లో లాలాజీ బే ఉంది. అక్కడ సౌకర్యాలు తక్కువ, పడవలూ తక్కువే. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లకు అది కుదరదు.

మూడు రాత్రులు ఉంటే నేను చెప్పేది ఇలా: హేవ్‌లాక్‌లో ఒకటి, నీల్‌లో రెండు. హేవ్‌లాక్ చేరిన సాయంత్రం రాధానగర్, మర్నాడు పొద్దున్నే అడవి దారిలో ఎలిఫెంట్ బీచ్, మధ్యాహ్నం పడవకు నీల్. అక్కడ రెండు రాత్రులు ఉంటే ఆటు ఏ వేళకు వచ్చినా ఒక్కసారైనా పగటి వెలుతురులో దొరుకుతుంది.