డౌరో నది మీద ఏడు రాత్రులు: బాల్కనీకి కట్టిన డబ్బు

బాల్కనీ గది కోసం మా ఇద్దరికీ కలిపి 1,380 యూరోలు ఎక్కువ కట్టాం. ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు ఆ బాల్కనీ తలుపు తెరిస్తే ఎదురుగా ఉన్నది పక్క ఓడ గోడ. పోర్చుగల్‌లోని డౌరో నది గురించి చెప్పాల్సిన మంచి చాలా ఉంది, చెబుతాను. కానీ అలాంటి గదికే డబ్బు కట్టబోయేవాళ్లెవరైనా ఉంటే ముందు ఈ సంగతి వాళ్ల చెవిన పడాలి.

వెళ్లింది ముగ్గురం: నేను, మావారు, మా అత్తయ్య. అత్తయ్యకి 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. మాంసం, చేప, గుడ్డు ముట్టరు. రోజుకో హోటల్లో పెట్టె విప్పడం, సర్దడం ఆవిడ వల్ల కాదు. ఓడ అయితే ఒకే గదిలో ఉంటూ ఊళ్లన్నీ చూడొచ్చని ఇది ఎంచుకున్నాం. సెప్టెంబరు చివరి వారం, ద్రాక్ష కోతల రోజులు. పోర్టోలో ఎక్కి, సుమారు 200 కిలోమీటర్లు నదికి ఎదురు వెళ్లి, స్పెయిన్ సరిహద్దు తాకి, మళ్లీ పోర్టోలోనే దిగడం. పై అంతస్తులో బాల్కనీ గది మనిషికి 2,480 యూరోలు. అత్తయ్యకి కింది అంతస్తులో గది 1,790, ఒక్కరే ఉంటున్నందుకు దాని మీద 540. రేవు రుసుములని చివర్లో మనిషికి 85 కలిపారు. ఆవిడని కింద పెట్టి మేం పైన ఉండటం నాకు మొదటి నుంచీ కష్టంగానే ఉంది. "పడుకోవడానికేగా అమ్మాయ్, దానికి కిటికీ ఎంతుంటే ఏం" అని ఆవిడే పట్టుబట్టారు.

మొదటి సాయంత్రం పోర్టోకి ఎదురొడ్డున, గాయా రేవులో ఓడెక్కాం. బాల్కనీలోంచి చూస్తే అవతలి గట్టున ఎర్ర పెంకుల ఇళ్లు ఒకదాని భుజమెక్కి ఒకటి. పక్కనే 1886 నాటి లూయిస్ ఇనుప వంతెన, రెండంతస్తులది, పై అంతస్తు మీద మెట్రో రైలు పోతూ ఉంటుంది. దీపాలు వెలిగాక ఇంకా బాగుంటుందని మావారు కెమెరా సర్దుకున్నారు. భోజనం చేసి తొమ్మిదింటికి గదికొచ్చేసరికి వంతెన లేదు, ఊరూ లేదు. మా ఓడని ఆనుకుని ఇంకో ఓడని కట్టేశారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇంకెవరిదో గది, వాళ్ల తెర, వాళ్ల టీవీ వెలుగు. తెర వేసుకోక తప్పదు, తలుపు తెరిస్తే ఆ ఓడ జనరేటరు పొగ.

కిందికెళ్లి అడిగితే, నది మీద రేవుల్లో చోటు తక్కువ, రెండేసి ఓడల్ని పక్కపక్కన కట్టడం మామూలే అన్నారు. అవతలి ఓడవాళ్లు గట్టెక్కాలంటే మా ఓడ హాల్లోంచే నడిచి వెళ్లాలి. అదీ అర్ధరాత్రి దాకా. ఎక్కడ కట్టాలో మా చేతిలో లేదు, ఈ విషయం ఒప్పంద పత్రం 14వ పేజీలో రాశాం అని చూపించారు. నిజమే, రాశారు. కానీ వాళ్ల బొమ్మల పుస్తకంలో ప్రతి బాల్కనీ ఎదుటా నీళ్లూ కొండలే ఉన్నాయి. ఏడు రాత్రుల్లో ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో వాళ్లకి ముందే తెలుసు. ఓడలు వారం వారం అవే రేవుల్లో ఆగుతాయి. డబ్బు తీసుకునేటప్పుడు ఆ ఒక్క మాట నోటితో చెప్పకపోవడం మోసమే. మావారు మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు, ఆ రాత్రి పెంచారు. మూడో రోజు మా ఖాతాలో 100 యూరోలు వేశామని కాగితం పంపారు. ఓడలోనే ఖర్చు పెట్టాలట, వెనక్కి ఇవ్వరట.

గాయాలో మొదటి రాత్రి, చివరి రాత్రి, రేగ్వాలో రెండు, పిన్యావ్‌లో ఒకటి. ఇవీ గోడ చూసిన ఐదు రాత్రులు.

ఇంకో సంగతి నాలుగో రోజుకి గానీ మాకు తట్టలేదు. డౌరోలో ప్రయాణికుల ఓడలు రాత్రిపూట కదలవు. అంటే కింది అంతస్తులో ఇంజను మోత పడుకునే వేళకి ఉండదు. పగలు ఓడ కదిలేటప్పుడు ఎవరూ గదిలో ఉండరు, అందరూ పై డెక్కు మీదే. ఆ డెక్కు అందరిదీ, పైసా ఎక్కువ లేదు. అత్తయ్య రోజూ హాయిగా నిద్రపోయి, పొద్దున్నే టోపీ పెట్టుకుని పైకొచ్చి, ముందు వరసలో కుర్చీ పట్టుకునేవారు. మేమే ఎర్రబడ్డ కళ్లతో వెనక వచ్చి కూర్చునేవాళ్లం. కాబట్టి ఈ నదికి వెళ్తే కింది గది తీసుకోండి. ఆ తేడా డబ్బు ఊళ్లలో ఖర్చు పెట్టుకోండి.

రెండో రోజు కర్రపతేలో అనే ఆనకట్ట దగ్గర లాకులకి వచ్చాం, అంటే నీళ్లు నింపి ఓడని పైకి లేపే తలుపుల గదులు. ఓడలు తిరిగే దారిలో నదికి అడ్డంగా ఐదు ఆనకట్టలున్నాయి, ఐదింటికీ లాకులున్నాయి. కర్రపతేలోది ఒకేసారి 35 మీటర్లు ఎత్తుతుంది, యూరప్‌లోనే పెద్ద లాకుల్లో ఒకటి. లోపల వెడల్పు 12 మీటర్లే, ఓడకీ గోడకీ మధ్య జానెడు సందు. వెనక తలుపు మూసుకుంది. రెండు పక్కలా నాచు పట్టిన తడి గోడలు, పైన సన్నటి ఆకాశం ముక్క. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నీళ్లు నిండేకొద్దీ గోడ కిందికి దిగిపోయి, పైన వెలుతురు వెడల్పై, పది పన్నెండు అంతస్తుల ఎత్తు లేచామని తెలియకుండానే లేచి, పైనున్న నదిలోకి ఎండలోకి వచ్చేశాం. ఆవిడ మాట్లాడలేదు. కాసేపటికి "మళ్లీ ఎప్పుడు" అని అడిగారు. ఆ తర్వాత ఏ లాకూ వదల్లేదు, భోజనం మధ్యలో ఉన్నా లేచి పైకొచ్చేవారు.

భోజనం మధ్యలో లేవడానికి వేరే కారణం కూడా ఉంది. శాకాహారమని టికెట్లు కొన్నప్పుడొకసారి, తర్వాత రెండుసార్లు రాసి పంపాను. "తప్పకుండా" అని జవాబు కూడా ఇచ్చారు. మొదటి రాత్రి ఉడికించిన క్యారెట్, ఉడికించిన బంగాళాదుంప. రెండో రాత్రి అవే, మీద కొంచెం వెన్న. మూడో రోజు మధ్యాహ్నం కాల్దు వెర్ద్ అని సన్నగా తరిగిన ఆకుకూర, బంగాళాదుంప కలిపిన చారు తెచ్చారు. చూడ్డానికి ఎంతో బాగుంది, అత్తయ్య మొహం వెలిగింది. చెంచా ముంచితే అడుగున గుండ్రంగా తరిగిన సాసేజి ముక్క. వడ్డించే అబ్బాయి ఆ ముక్క తీసేసి అదే గిన్నె మళ్లీ పెట్టబోయాడు. అత్తయ్య ఏమీ అనకుండా లేచి గదికి వెళ్లిపోయారు. ఆ పూట నేనూ తినలేకపోయాను.

ఆ సాయంత్రమే పిన్యావ్ చేరాం. చిన్న ఊరు, చుట్టూ కొండలన్నీ మెట్లు మెట్లుగా కోసి ద్రాక్ష పెట్టారు. రైలు స్టేషను గోడల మీద 1937లో అతికించిన నీలి పింగాణీ పలకల బొమ్మలు 24 ఉన్నాయి. కోతలు, గంపలు, పడవలు, ఈ లోయ పని అంతా వాటిలో ఉంది. అవి చూసి, రాత్రికి ఓడ భోజనం వద్దనుకుని వెనక వీధిలో నడుస్తుంటే నాలుగు బల్లల చిన్న తిండి దుకాణం కనిపించింది. వండేది, వడ్డించేది ఒకావిడే, అత్తయ్య వయసే ఉంటుంది. ఫోన్లో తర్జుమా చేసి "మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు" అని చూపించాం. ఆవిడ చదివి, అత్తయ్య భుజం మీద చెయ్యేసి, లోపలికి తీసుకెళ్లి గిన్నెలన్నీ మూతలు తీసి చూపించింది. మాంసం ఎముకల రసం ఉన్నదాన్ని వేలితో చూపించి అడ్డంగా తల ఊపింది. తర్వాత అరగంట ఆగమని, అప్పటికప్పుడు టమాటా అన్నం వండింది. పొడిపొడిగా కాదు, జారుగా, వెల్లుల్లి, ఆలివ్ నూనె వాసనతో. పక్కన చిక్కుడు గింజలు, ఆలివ్ కాయలు, పైనున్న ఫవాయిష్ ఊరి నాలుగు మూలల రొట్టె. మనిషికి 9 యూరోలు. అత్తయ్య రెండోసారి పెట్టించుకున్నారు. మూడు రోజుల తర్వాత కడుపు నిండిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూసి నాకు కళ్లు చెమర్చాయి. లేచేటప్పుడు ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని, ఒక్క ముక్క భాష కలవకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు.

భాష పూర్తిగా కలవదని కూడా అనకూడదు. ఓడలో గది శుభ్రం చేసే అమ్మాయి "తువాల్యా" అంటే అత్తయ్య తువ్వాలు తీసి ఇచ్చారు. వైను కొట్టులో గైడు చెక్క పీపా మీద చెయ్యి వేసి "పీపా" అన్నప్పుడు ఆవిడ ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. తువ్వాలు, పీపా, అలమారా, బొత్తాము, మేస్త్రీ, ఇవన్నీ మనకి పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చినవే.

వైను చూడాలంటే ఓడవాళ్లు అమ్మే తోట విందుకి మనిషికి 65 యూరోలు. మాకిచ్చిన 100 దానికే పోయింది, పైన 30 మేమే పెట్టుకున్నాం, అత్తయ్య రానన్నారు. పెద్ద హాలు, రెండు వందల మంది, మైకులో ఉపన్యాసం. దండగ. మర్నాడు పిన్యావ్ రేవు నుంచి ఇరవై నిమిషాలు నడిచి మేమే వెళ్లిన చిన్న తోటలో మూడు రకాలు రుచి చూడటానికి 18 యూరోలు తీసుకుని, పని జరిగే చోటికి తీసుకెళ్లారు. మోకాలి లోతు రాతి తొట్టె, అందులో ద్రాక్ష. పదిమంది భుజాలు కలిపి వరసగా నిలబడి, ఒకాయన లెక్క పెడుతుంటే కుడి ఎడమ అడుగులు వేస్తూ తొక్కుతున్నారు. రెండు మూడు రోజుల్లో పులిసి, తీపి సగం మిగిలి ఉండగానే 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారా కలుపుతారట. పులియడం అక్కడితో ఆగుతుంది. ఇక్కడి పోర్ట్ వైను తియ్యగా, అంత ఘాటుగా ఉండటానికి కారణం అదే. 1756లోనే ఈ ద్రాక్ష సీమకి రాజశాసనంతో హద్దులు గీశారు. అత్తయ్య వైను ముట్టుకోలేదు గానీ అక్కడి కుర్రాడు గంపలోంచి గుత్తి తీసి చేతిలో పెట్టాడు. చిన్న కాయలు, మందం తోలు, తేనె తీపి.

స్పెయిన్‌లోని సలమంకాకి కూడా అత్తయ్య రాలేదు, మంచి పని చేశారు. సరిహద్దు రేవు నుంచి బస్సులో రెండు గంటలు వెళ్లడం, రెండు గంటలు రావడం. 1218లో పెట్టిన విశ్వవిద్యాలయం, ఎండలో బంగారు రంగు తేలే రాతి గోడలు, అంత గొప్ప ఊరికి మాకిచ్చిన సొంత సమయం 50 నిమిషాలు. పైగా స్పెయిన్ గడియారం పోర్చుగల్ కన్నా గంట ముందుంటుంది. గైడు ఏ దేశపు గంట చెప్పిందో చెప్పకపోవడంతో నలుగురు ప్రయాణికులు బస్సుకి ఆలస్యమై, వాళ్ల కోసం మేమంతా ఎండలో నిలబడ్డాం. సలమంకా చూడాలంటే ఒక రాత్రి అక్కడుండేలా విడిగా వెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో వలేయిరా ఇరుకులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆనకట్టకి ముందు ఇక్కడ ఓడల్ని మింగే సుడులుండేవి. 1861లో ఫారెస్టర్ అనే వైను వ్యాపారి, ఈ నది పటాలు గీసిన మనిషి, ఇక్కడే పడవ తిరగబడి మునిగిపోయాడు. అదే పడవలో ఉన్న వైను తోటల యజమానురాలు దోనా అంతోనియా ఫెర్రైరా బతికింది. నడుముకి కట్టుకున్న బంగారం ఆయన్ని ముంచిందని, ఆవిడ వెడల్పాటి పావడా నీటి మీద తేల్చిందని చెప్పుకుంటారు. ఆ ఇరుకు దాటేదాకా డెక్కు మీద ఎవరూ మాట్లాడలేదు.

లమేగో ఊళ్లో కొండ మీది చర్చికి బస్సు పైదాకా వెళ్తుంది. కిందికి 686 మెట్లు. గైడు వద్దన్నా అత్తయ్య మెట్ల మీదే దిగుతానన్నారు. ప్రతి మలుపులో నీలి పలకల దగ్గర ఆగి, మావారి భుజం పట్టుకుని, ముప్పావుగంటలో దిగారు. బస్సులో అందరూ చప్పట్లు కొట్టారు.

ఓడ వంట ఐదో రోజు నుంచి మారింది. పిన్యావ్‌లో తిన్నదాని ఫోటో అత్తయ్య తనే వంటగది తలుపు దగ్గరికెళ్లి చూపించారు. రెండో వంటమనిషి, పాతికేళ్లుంటాయి, అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి విడిగా చేసి తనే తెచ్చి పెట్టేది. చివర్లో బహుమానం కవర్లో మనిషికి రోజుకి 10 యూరోలు పెట్టమని అడుగుతారు, అందరికీ పంచుతారట. మా ముగ్గురిదీ 210 అయింది. ఆ అమ్మాయికి అత్తయ్య విడిగా 40 ఇచ్చారు.

ఇంటికొచ్చాక బాల్కనీ డబ్బు గురించి కంపెనీకి రాశాను. మూడు వారాలకి జవాబొచ్చింది: మళ్లీ వస్తే పది శాతం తగ్గిస్తారట. మళ్లీ వెళ్తాం గానీ ఆ ఓడలో కాదు. పోర్టో నుంచి పిన్యావ్‌కి రైలుంది, సుమారు రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే నది కిటికీ పక్కనే ఉంటుంది. మేలో నాలుగు రాత్రులకి అక్కడ రెండు గదులు చూసి పెట్టాను. ఆ వెనక వీధి దుకాణం వారంలో ఏ రోజు మూసి ఉంటుందో ముందే కనుక్కోమని అత్తయ్య ఇప్పటికి రెండుసార్లు గుర్తు చేశారు.