నార్ఫోక్ దీవి: పైన్ చెట్ల కోసం చేసిన ప్రయాణం

మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే, కొమ్మలు అంతస్తులుగా విచ్చుకున్న మొక్కను కుండీలోనే చూసినవారికి, అదే వంశపు చెట్టు యాభై మీటర్ల ఎత్తున ఎలా ఉంటుందో నార్ఫోక్ దీవికి వెళ్తేనే తెలుస్తుంది. ఆస్ట్రేలియా ఏలుబడిలో, పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 35 చదరపు కిలోమీటర్ల ఈ దీవి, దాని పక్కనున్న చిన్న దీవులు తప్ప నార్ఫోక్ పైన్‌కు పుట్టిన నేల మరొకటి లేదు.

ఫొటోల కోసమైతే ఎమిలీ బే చాలు; ప్రశాంతమైన మడుగు, ఒడ్డున పైన్లు, పక్కనే 2010లో యునెస్కో జాబితాకెక్కిన కింగ్‌స్టన్‌లో బ్రిటిష్‌వారు ఖైదీలను ఉంచిన కట్టడాలు. 1774లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఈ నిటారు మానులను చూసి ఓడల తెరచాప స్తంభాలకు పనికొస్తాయనుకున్నాడు. 1788లో బ్రిటిష్‌వారి వలస మొదలయ్యాక ఆ కలప అందుకు పనికిరాదని తేలింది. మౌంట్ పిట్ శిఖరం దాకా కారు వెళ్తుంది కాబట్టి పెద్దవారికి అది సులువు, దీవి అంతా కనిపిస్తుంది. కానీ నా ఓటు హండ్రెడ్ ఏకర్స్ రిజర్వుకే. అక్కడ గూడు కట్టని తెల్లటి టెర్న్ అనే సముద్ర పక్షులు పైన్ కొమ్మ మీది చిన్న గుంటలోనే ఒక్క గుడ్డు పెడతాయి. బైనాక్యులర్ లేకుండా వెళ్తే ఆ వింత దక్కదు. లేత కొమ్మల ఆకులు మెత్తని సూదుల్లా, ముదురు కొమ్మలవి పొలుసుల్లా ఉండడం నేల రాలిన రెమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

బస చేయడానికి దుకాణాలున్న బర్న్ట్ పైన్ ఊరు అనుకూలమే అయినా, వంటగది ఉన్న కాటేజీ తీసుకోవడమే శాకాహారులకు మేలు, ఎందుకంటే హోటళ్లలో మనకు దొరికేది సలాడ్, బంగాళాదుంపలే. లోతైన రేవు లేక సరుకులను ఓడ నుంచి చిన్న పడవల్లోకి దించాల్సి రావడం వల్ల ధరలు ఎక్కువ. పప్పు, మసాలాలు కావాలంటే సిడ్నీలోనే కొనుక్కోవాలి. ప్రజా రవాణా లేదు కనుక అద్దె కారు తప్పదు. మాకు ఇచ్చిన పాత కారులో ఏసీ పనిచేయలేదు గానీ, రోడ్డు మీద ఆవులకే మొదటి దారి హక్కు ఉన్న చోట వేగంగా పోయే అవసరం ఎలాగూ రాదు.

విమానాలు సిడ్నీ, బ్రిస్బేన్‌ల నుంచి వస్తాయి. ఆస్ట్రేలియా వీసాయే ఇక్కడా చెల్లుతుంది. వారంలో కొన్ని రోజులే సర్వీసులు ఉండడంతో, తిరుగు టికెట్టు ఖాయమయ్యాకే కాటేజీకి డబ్బు కట్టాలి.