కూలెంట్ పేరుతో రంగునీళ్లు: లిక్విడ్ కూల్డ్ బండ్లు ఉన్నవాళ్లు జాగ్రత్త

హైదరాబాద్‌లో ఓ మల్టీబ్రాండ్ సర్వీస్ షెడ్‌లో నా డామినార్ 400 బైకుకి కూలెంట్ (ఇంజిన్ వేడిని లాగి చల్లబరిచే ద్రవం) మార్పించాను. బిల్లులో పేరున్న కంపెనీ కూలెంట్ అని వేశారు, దానికి తగ్గ రేటే తీసుకున్నారు. రేడియేటర్‌లో పోసింది మాత్రం ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లు. ఆర్15, డ్యూక్, ఎన్ఎస్ 200, హిమాలయన్ 450, మీది ఏ లిక్విడ్ కూల్డ్ బండైనా సరే, బయట షెడ్లలో కూలెంట్ పోయించుకుంటుంటే, ఊరూ పేరూ లేని డబ్బాలు చవగ్గా దొరుకుతున్నాయని కొంటుంటే ఇది ఒకసారి చదవండి.

ఈ మోసం వెంటనే బయటపడదు. నీళ్లు వేడిని బాగానే లాగుతాయి. ఆ మాటకొస్తే అచ్చమైన గ్లైకాల్ (కూలెంట్‌లో నీళ్లతో పాటు ఉండే ముఖ్యమైన రసాయనం) కంటే నీళ్లే ఎక్కువ లాగుతాయి. అందుకని మొదట్లో ఇంజిన్ మరీ వేడెక్కదు, బండి మామూలుగానే నడుస్తుంది. కొంతకాలానికి రిజర్వాయర్ ట్యాంకులో ఆకుపచ్చ పోయి గోధుమ రంగు దిగింది. సిగ్నళ్ల దగ్గర సరే, ఖాళీ రోడ్డు మీద కూడా ఫ్యాన్ ఆగకుండా తిరగడం మొదలైంది. ఆఖరికి వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి చుక్కలు. ఆ రంధ్రం కావాలనే పెడతారు. లోపల సీల్ అరిగితే కూలెంట్ ఇంజిన్ ఆయిల్‌లోకి పోకుండా బయటికి కారాలని, అలా మనకి తెలియాలని. వేలితో తుడిస్తే తుప్పు మరక అంటింది.

షెడ్‌వాళ్లు మిగిలిందని అదే "కూలెంట్" కొంచెం సీసాలో పోసి టాపప్‌కి ఇచ్చారు. అనుమానం తీర్చుకోడానికి అందులోంచి కొంత చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి, కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధమైన నీళ్లు సగం సగం కలిపిన కూలెంట్ సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. పొద్దున చూస్తే నా సీసాలో రాయిలాంటి ఐసు. అంచుల్లో గాజులా తెల్లగా, రంగంతా లాగేసుకున్నట్టు మధ్యలో చిక్కటి ఆకుపచ్చ. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అందులో కలిపిన రంగును ఇలాగే లోపలికి నెట్టేస్తాయి. ఇంక సాక్ష్యం ఏం కావాలి!

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు కానీ రెండు మాటలు గుర్తుంచుకోండి. ఫలితాన్ని డబ్బా మీద రాసిన డిగ్రీతో పోల్చాలి. గ్లైకాల్ తక్కువ ఉండే కూలెంట్లు కూడా ఉన్నాయి, అవి కొంచెం గుజ్జులా అవుతాయి, దాన్ని నకిలీ అనలేం. మైనస్ 37 అని రాసుకున్న సరుకు ఇంటి ఫ్రీజర్‌లోనే రాయైపోతే మాత్రం అది మోసమే. ఇక గడ్డకట్టనంత మాత్రాన మంచిదని కూడా కాదు, తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలు అందులో ఉన్నాయో లేదో ఫ్రీజర్ చెప్పదు. అన్నిటికంటే ముఖ్యం, ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలకీ కుక్కలకీ మరీ ప్రమాదం. సీసా మీద పెద్దక్షరాలతో రాసి, తిండి వస్తువులకు దూరంగా పెట్టి, పని కాగానే తీసేయండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

"మన దగ్గర మంచు పడుతుందా ఏంటి, గడ్డకడితే ఎంత కట్టకపోతే ఎంత" అనేవాళ్లున్నారు. నిజమే, లదాఖ్ వెళ్తే తప్ప మనకి గడ్డకట్టే గొడవ లేదు. మరిగే సంగతి చూసినా, రేడియేటర్ మూత లోపల ఒత్తిడి నిలుపుతుంది కాబట్టి ఉత్త నీళ్లు కూడా 100 డిగ్రీలకే మరిగిపోవు. అసలు నష్టం తుప్పు దగ్గర. ఇంజిన్ హెడ్డు, రేడియేటర్ అల్యూమినియం. పంపులో ఇనుప భాగాలు, రబ్బరు సీల్. వీటన్నిటినీ కాపాడేది కూలెంట్‌లో కొద్దిపాళ్లలో కలిపే తుప్పు నిరోధకాలు. మనం డబ్బు పెట్టేదే వాటికి. పైగా నాకు పోసింది బోరు నీళ్లే అయ్యుంటుందని నా నమ్మకం. హైదరాబాద్ బోరు నీళ్లకి గీజర్ కాయిల్ మీద తెల్లగా పొర ఎలా కడుతుందో చూసే ఉంటారు, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. ఆ పొర కట్టాక వేడి బయటికి పోదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

ఐసు ఫోటో తీసుకుని షెడ్‌కి వెళ్లాను. ఓనర్ ఏమాత్రం తడబడలేదు. "గ్రీన్ అంటే గ్రీనే కదన్నా, అందరికీ ఇదే పోస్తున్నం, ఎవ్వరూ అడగలే" అన్నాడు. మూలన ఓ పెద్ద డ్రమ్ము, దాని పక్కనే పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలు వరసగా. గట్టిగా అడిగితే కూలెంట్ డబ్బులు వెనక్కిచ్చాడు. పంపు సీల్ మార్పించిన ఖర్చు గురించి అడిగితే "బండి పాతదైంది, దాంతోని మాకేం సంబంధం అన్నా" అన్నాడు. కూలెంట్ డబ్బాకయ్యే దానికి ఎన్నో రెట్లు లేబర్‌తో కలిపి సీల్‌కి అయింది.

ఆ "గ్రీన్ అంటే గ్రీనే" అన్న మాట చాలా షాపుల్లో వింటాం. రంగుకి ఏ రూలూ లేదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, గులాబీ, అన్నీ కంపెనీలు తమ ఇష్టానికి కలిపే రంగులే. ఒకే ఆకుపచ్చలో రెండు రకాల రసాయనం ఉండొచ్చు. చూడాల్సింది డబ్బా వెనక వైపు. ఐఎస్ 5759 (మన దేశానిది), జేఐఎస్ కె 2234 (జపాన్‌ది), ఏఎస్‌టీఎం డి3306 (అమెరికాది) లాంటి ప్రమాణాల్లో ఏదైనా ఉందా, అల్యూమినియం ఇంజిన్లకు పనికొస్తుందని రాశారా, సిలికేట్ లేదని రాశారా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నాయా. సిలికేట్ కూడా ఒక రకం తుప్పు నిరోధకమే, దాని సంగతి ఎందుకంటే, అది ఉన్న కూలెంట్ వాడితే వాటర్ పంపు సీళ్లు త్వరగా అరగొచ్చని, రేడియేటర్ దారులు మూసుకుపోవచ్చని హోండా బైక్ మాన్యువల్స్‌లోనే రాస్తారు. కారు కూలెంట్ బైకులో పోయొచ్చా అంటే, ఈ షరతులన్నీ కుదిరి, మీ మాన్యువల్ చెప్పినదానికి సరిపోతే పోయొచ్చు. లారీల కోసం అమ్మేది చవగ్గా వస్తోందని మాత్రం తెచ్చి పోయకండి. లోపల ఉన్నది ఏ రకమో తెలియకుండా మీద ఇంకోటి కలపొద్దు. కొన్ని రకాలు కలిస్తే జెల్లీలా చిక్కబడతాయి.

డబ్బాల్లో కూడా రెండు రకాలు: నేరుగా పోసేది, నీళ్లు కలిపి పోసేది. రెండోదాన్ని కాన్‌సన్‌ట్రేట్ అంటారు. "చిక్కగా పోస్తే ఇంజిన్ ఇంకా చల్లగా ఉంటుంది" అని దాన్ని అలాగే పోసేవాళ్లున్నారు. జరిగేది దానికి తలకిందులు. నీళ్లు లేకపోతే వేడి లాగే శక్తి తగ్గిపోతుంది. కలిపేది డిస్టిల్డ్ వాటర్ అయ్యుండాలి, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ఇంట్లో ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు. ఈ లెక్కలన్నీ టెన్షన్ అనుకుంటే నేరుగా పోసే రెడీమిక్స్ కొనుక్కోవడమే మేలు. ఈ బండ్లకి లీటరు, లీటరున్నర చాలు, అందులో మిగిల్చేది ఎంతని!

మీ బండిలో ఇప్పటికే అనుమానాస్పదమైనది ఉంటే ఆలస్యం చేయకుండా ఖాళీ చేయించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి కాసేపు నడిపి, వదిలి, శుభ్రంగా వచ్చేదాకా అలా చేసి, ఆ తర్వాత కొత్తది పోసి లోపలి గాలి తీయించాలి. తీసిన పాతది మోరీలో పారబోయకుండా మూతున్న డబ్బాలో సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

నేనిప్పుడు సీలున్న డబ్బా నేనే తీసుకెళ్తున్నాను. నా ఎదురుగానే సీల్ తీయాలి, ఖాళీ డబ్బా నాతోనే వస్తుంది. లేకపోతే రేపు దాన్నిండా డ్రమ్ములో సరుకే. బిల్లు మీద బ్రాండ్ పేరు, పరిమాణం రాయించుకోండి. వాళ్లు రాయమంటే అక్కడ పోయించుకోకండి. మోసం తేలితే ఆ బిల్లు, ఫోటోలు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. పంపు సీల్ ఖర్చు కోసం నా ఫిర్యాదు అక్కడే ఉంది. తేలగానే ఇక్కడే రాస్తాను.