హిస్టరీ 1301, 1302: ఏడాది చదివాక

టెక్సాస్‌లో ఏ ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ తీసుకోవాలన్నా అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు చదివి ఉండాలని చట్టం. ఫీజు తక్కువని మన పిల్లలు చాలామంది వాటికి సరిపోయే 1301, 1302 అనే రెండు కోర్సులూ కమ్యూనిటీ కాలేజీలో కానిచ్చేస్తారు. ఇవి ఇక్కడున్నవాళ్లకి తెలిసినవే కాబట్టి ఫీజులు, రిజిస్ట్రేషన్ జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది వారానికొకటి చొప్పున రాసిన రెండు పేజీల పేపర్ గురించి, రెండో కోర్సులో అది లేక నేను పడ్డ ఏడుపు గురించి.

నాది హెచ్4 వీసా, మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఇచ్చేది. నాకు ఉద్యోగం చేయడానికి అనుమతి లేదు, చదువుకోవడానికి అడ్డు లేదు. పాప స్కూలుకి వెళ్లడం మొదలయ్యాక డాలస్ దగ్గర మేముండే ఊళ్లోనే కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్‌కి చేరాను, తర్వాత యూనివర్సిటీకి మారదామని. హిస్టరీ తప్పనిసరి అంటే సంతోషించాను కూడా. పెళ్లికి ముందు రెండేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-2 కోచింగ్ తీసుకున్నదాన్ని. ఉద్యోగం రాలేదు గానీ, నిద్రలో లేపి అడిగినా సంవత్సరాలు చెప్పేదాన్ని. ఇంగ్లిష్‌లో ఇంకో బిట్ బ్యాంకు, అంతే కదా అనుకున్నాను.

1301 అంటే మొదటినుంచి 1877 దాకా. వారానికి రెండు క్లాసులు, పదహారు వారాలు. ప్రతి మంగళవారం ప్రొఫెసర్ ఒక పాత కాగితం చేతిలో పెట్టేవారు. పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమతి ఇస్తామని పత్రికలో వేసిన ప్రకటన ఒక వారం, చట్టం ముక్క ఒక వారం, ఎవరిదో ఉపన్యాసం ఇంకో వారం. ఎవరు రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఏది చెప్పకుండా వదిలేశారు: ఈ మూడింటి మీద రెండు పేజీలు రాయాలి.

మొదటి పేపర్ 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద. నేపథ్యం, కారణాలు, ఫలితాలు అని హెడ్డింగులు పెట్టి, కింద గీతలు కొట్టి మరీ ఇచ్చాను. నూటికి 62 వచ్చింది. పక్కన ఒకటే రాశారు: ఇదంతా పుస్తకంలో ఉంది, మీకేం కనిపించింది? ఆ రాత్రి అన్నం సహించలేదు. గ్రూప్-2 పోయినప్పుడు కూడా ఇంత అవమానంగా అనిపించలేదు.

టెక్సాస్ కాగితం వచ్చిన వారం అసలు సంగతి అర్థమైంది. అంతర్యుద్ధం పాఠం నడుస్తోంది. నైట్ డ్యూటీ చేసి నేరుగా క్లాసుకొచ్చే ఒక కుర్రాడు, యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం అన్నాడు. వాళ్లింట్లో అందరూ అదే చెబుతారట. ప్రొఫెసర్ కాదనలేదు, అవుననలేదు. అందరికీ తలా ఒక కాపీ ఇచ్చారు. యూనియన్ (అమెరికా రాష్ట్రాల సమాఖ్య) నుంచి ఎందుకు విడిపోతున్నామో చెబుతూ 1861 ఫిబ్రవరి 2న టెక్సాస్ ప్రతినిధులు ఆమోదించిన ప్రకటన అది. చదివి, రాష్ట్రాల హక్కులు ఎక్కడున్నాయో గీత గీయమన్నారు.

నేను ఇంటికి తెచ్చుకుని నాలుగుసార్లు చదివాను. అందులో బానిసత్వం గురించి దాపరికమే లేదు. నల్లవాళ్లు తెల్లవాళ్లకి బానిసలుగా ఉండటం ఎప్పటికీ సాగాల్సిందేనని వాళ్లే రాసుకున్నారు. మూడోసారి చదువుతుంటే ఇంకొకటి తట్టింది. వాళ్ల ఫిర్యాదుల్లో పెద్దది, పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలు అడ్డం పెట్టుకుని తిరిగి అప్పగించడం లేదని. అంటే ఆ ఒక్క విషయంలో రాష్ట్రం తన హక్కు వాడుకోవడం వీళ్లకి గిట్టలేదు! ఈ ముక్క ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు. కాగితంలోంచి నేనే తీశాను. 91 వచ్చింది. ఆ కుర్రాడు కూడా బాగానే రాశాడని విన్నాను. ఏం రాశాడో అడగలేదు, ఉదయం ఎనిమిదింటికి అతని కళ్లు చూస్తే ఏదీ అడగబుద్ధి కాదు.

ఆ తర్వాత నా పాత నోట్సు మీద కూడా అనుమానం మొదలైంది. కారన్‌వాలిస్ అంటే మనకి 1793, శాశ్వత శిస్తు, అంతే. ఇక్కడ అదే మనిషి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనాని, 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కి లొంగిపోయాడు. లొంగిపోయే రోజు ఒంట్లో బాగోలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి తన కింది అధికారిని పంపాడు. అలాంటివాణ్ణి అయిదేళ్లు తిరక్కుండా, 1786లో మనకి గవర్నర్ జనరల్‌గా పంపారు. అతను పెట్టిన శిస్తు పద్ధతి 1802లో మన ఉత్తర సర్కారులకీ వచ్చింది. రెండు బిట్లూ నా బుర్రలో వేరువేరు అరల్లో ఉన్నాయి, ఒక్కసారి కూడా కలపలేదు. క్లాసులో చెప్తే ప్రొఫెసర్ పది నిమిషాలు నన్నే మాట్లాడమన్నారు. జమీందారు అన్న మాట బోర్డు మీద రాయించుకున్నారు.

పాఠ్యపుస్తకం ఉచితం. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టినది, 32 అధ్యాయాలు. మొదటి నెలలో కనిపించినవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. ఫోన్‌లో చదివితే బుర్రకెక్కదు. నేనైతే చివరికి లైబ్రరీలో అధ్యాయం అధ్యాయం ప్రింట్ తీసుకున్నాను, దానికీ డబ్బులయ్యాయి.

ఇక 1302. 1877 నుంచి ఇప్పటిదాకా. అదే ప్రొఫెసర్ దగ్గర చేరితే, సరిపడా మంది లేరని క్లాసులు మొదలయ్యే ముందు ఆ సెక్షన్ తీసేశారు. ఆయన పార్ట్‌టైమ్, అలాంటివాళ్ల సెక్షన్లే ముందు ఎగిరిపోతాయట. మిగిలింది ఎనిమిది వారాల ఆన్‌లైన్ సెక్షన్. టీచర్ పేరు ఉండాల్సిన చోట ‘స్టాఫ్’ అని ఉంది, అంటే ఎవరో ఇంకా తేలలేదన్నమాట. వేరే దారి లేక చేరాను.

వారానికి రెండు అధ్యాయాలు, పదిహేను నిమిషాల్లో ఇరవై ప్రశ్నల క్విజ్. దిద్దేది కంప్యూటర్. పాత కాగితాలు లేవు, పేపర్లు లేవు. వాటి బదులు బుధవారంలోగా ఒక చర్చ పోస్ట్, ఆదివారంలోగా ఇద్దరికి జవాబు. నీ పోస్ట్ చాలా బాగుంది, నేనూ అదే అనుకున్నాను అని ఒకరికొకరం రాసుకునేవాళ్లం. నేనూ రాశాను, తప్పించుకోలేదు. అశోక్‌నగర్ అలవాటు కదా, క్విజ్‌లన్నీ ఉఫ్ అని ఊదేశాను. 1301లో నాకు బి, దీంట్లో ఏ. ఏ వచ్చిందని మా ఆయన స్వీట్లు తెచ్చారు.

వలసల చట్టాల వారంలో మాత్రం మనసు ఒప్పుకోలేదు. 1882లో చైనావాళ్లని ఆపిన చట్టం, 1924లో కోటాల చట్టం క్విజ్‌లో వచ్చాయి. పౌరసత్వం కోసం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మన భారతీయుడు భగత్ సింగ్ థింద్ ఊసే లేదు. మా ఆయన గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నారు కాబట్టి ఆ పేరు ఎక్కడో విని ఉన్నాను. సుప్రీంకోర్టు తీర్పు వెతికి తీశాను. 1922 నవంబర్‌లో పౌరసత్వం అడిగిన ఒజావా అనే జపాన్ ఆయన కేసులో, తెల్లవాడంటే కాకేషియన్ జాతివాడని, జపాన్‌వాళ్లు కాదు కాబట్టి పౌరసత్వం లేదని అన్నారు. మూడు నెలలకి థింద్ వచ్చి, అప్పటి శాస్త్రం లెక్కన నేను కాకేషియన్‌నే అంటే, శాస్త్రం మాట అక్కర్లేదు, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదన్నారు. రెండు తీర్పులూ రాసింది ఒక్క జడ్జే, జార్జ్ సదర్లాండ్. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఎవరూ అడక్కపోయినా దీని మీద రెండు పేజీలు రాసి పాత ప్రొఫెసర్‌కి మెయిల్ చేశాను. మూడు రోజులకి తిరిగొచ్చింది. మార్కులు లేవు, పక్కన ఒక్క వాక్యం: ఈ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన భారతీయుల సంగతేమిటి? వాళ్ల పౌరసత్వాలు రద్దు చేయించడానికి ప్రభుత్వం కోర్టులకెక్కిందని తర్వాత చదివాను. అది నేను వదిలేశాను.

అందుకని ఈ కోర్సులు మంచివా కాదా అంటే నేను సూటిగా చెప్పలేను. నాకు పగలు ఆరు గంటల ఖాళీ ఉంది, పాత కోచింగ్ పిచ్చి ఉంది. ఇంజనీరింగ్ చదువుతూ నాలుగు భారీ సబ్జెక్టులు మోసే పిల్లలకి ఎనిమిది వారాల ఆన్‌లైనే నయమేమో, క్రెడిట్ ఎక్కడిదైనా క్రెడిటే. తీరిక ఉండి 1301 తీసుకునేవాళ్లు మాత్రం ముందు సిలబస్ తెరిచి, మార్కుల్లో రాతపని ఎంతో చూడండి. టెక్సాస్‌లో ప్రతి కోర్సు సిలబస్ కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలి కాబట్టి దొరుకుతుంది. క్విజ్‌లూ చర్చలూ తప్ప ఇంకేం లేకపోతే మీ ఇష్టం.

నాకు ఆరు క్రెడిట్లూ అయిపోయాయి. అయినా వచ్చే సెమిస్టర్‌కి టెక్సాస్ చరిత్ర తీసుకుందామని షెడ్యూల్ తెరిచాను. సాయంత్రం సెక్షన్ ఒక్కటే ఉంది. టీచర్ పేరు దగ్గర ఇంకా ‘స్టాఫ్’ అనే ఉంది.