జపాన్‌లోని ఒసాకాలో ఒక్క రోజు: దోతోంబోరినా, తెంజింబాషినా?

నడక: దోతోంబోరి వైపు వెళ్తే, షిన్‌సైబాషి బజారు సుమారు 600 మీటర్లు, చివర దోతోంబోరి కాలువ. తెంజింబాషి బజారు 2.6 కిలోమీటర్లు, అలిసిపోతే మధ్యలో మినామిమొరిమాచి స్టేషన్‌లో రైలెక్కొచ్చు.

ఖర్చు: దోతోంబోరిలో తిండి ప్రియం, వరుసలూ పొడవే. తెంజింబాషి ఊరివాళ్ల బజారు, చవక. చిన్న కొట్లకు నగదు ఉంచుకోండి.

పన్ను మినహాయింపు: షిన్‌సైబాషిలో సులువు. ఒకే షాపులో, ఒకే రోజు కనీసం 5,000 యెన్లు కొనాలి. పాస్‌పోర్టు అసలుదే చూపాలి, జిరాక్స్ చెల్లదు.

తకొయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చిన పిండి ఉండ) ఎక్కడైనా లోపల సలసల కాగుతుంటుంది. పుల్లతో చీల్చి ఆవిరి పోనివ్వండి. శాకాహారులూ, ఆక్టోపస్ తీయించినా లాభం లేదు: పిండి కలిపేదే సాధారణంగా చేపరసంతో.

మందులు, సౌందర్య సామగ్రి కొనాలన్నా, రాత్రి దీపాల వెలుగు చూడాలన్నా దోతోంబోరి. జేబు చూసుకుని, తీరిగ్గా తింటూ తిరిగేవాళ్లకు తెంజింబాషి.