పోలోకి బిల్‌స్టైన్ షాకర్లు, పొట్టి స్ప్రింగులు: హైదరాబాద్‌లో వాడి చూశాక

మీ అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ పార్కింగ్ ఉంటే, ఆ ర్యాంపు రోడ్డును కలిసే చోటు ఎంత నిటారుగా ఉందో ముందు వెళ్లి చూసి రండి. కారును కిందికి దించే స్ప్రింగులు వేయించాలా వద్దా అనే ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంటుంది. మిగతా సగం నేను చెబుతాను.

నాది ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 105 హార్స్‌పవర్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి, ఉన్నవాళ్లం ఉన్నదాన్నే ముద్దుగా చూసుకుంటున్నాం. మీటరు 70 వేలు దాటాక షాకర్లు, అంటే స్ప్రింగుల ఊపును ఆపే గొట్టాలు, మెత్తబడ్డాయి. ఆ వయసుకి ఏ కారుకైనా అది మామూలే. బ్రేకర్ దిగాక ఒక్కసారి ఊగి ఆగాల్సిన ముక్కు ఇంకో రెండుసార్లు ఊగేది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద వేగంగా లారీని దాటేటప్పుడు కారు తేలినట్టుండి, చేతులు స్టీరింగ్ మీద బిగుసుకునేవి. ఎలాగూ నాలుగూ మార్చాలి. మార్చేదేదో మంచివే వేద్దామని బిల్‌స్టైన్ బ్రాండు బి8 షాకర్లు, వాటికి జతగా ఐబాక్ బ్రాండు ప్రో-కిట్ పొట్టి స్ప్రింగులు తీసుకున్నాను. ఇదే జతను బి12 పేరుతో ఒకే పెట్టెలో కూడా అమ్ముతారు.

నాకు కలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. మా బావమరిదిది కూడా ఇదే కారు. వాడూ బిల్‌స్టైనే వేయించాడు, కానీ బి6 తీసుకుని స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉంచాడు. బి6 మామూలు ఎత్తున్న స్ప్రింగుల కోసం చేసింది. బి8 అదే కోవలోది, పొట్టి స్ప్రింగులకి సరిపోయేలా కుదించింది. అంటే రెండు కార్లకీ అసలు తేడా స్ప్రింగుల దగ్గరే. అప్పుడప్పుడు కార్లు మార్చుకుని నడుపుతుంటాం కాబట్టి ఏ సుఖం షాకర్ వల్ల వచ్చిందో, ఏ తలనొప్పి స్ప్రింగు వల్ల వచ్చిందో విడదీసి చూడగలిగాను.

అసలు పొట్టి స్ప్రింగుకి పొట్టి షాకరే ఎందుకు? మామూలు షాకర్ మీద పొట్టి స్ప్రింగు పెడితే లోపలి పిస్టన్ ఎప్పుడూ కిందికి దిగిపోయి పనిచేస్తుంది. గుంత వచ్చినప్పుడు నొక్కుకోవడానికి మిగిలేది కొంచెమే. పైగా చక్రం గాల్లోకి వేలాడినప్పుడు స్ప్రింగు తన కూర్చునే చోట వదులై కదలొచ్చు. ఇంకో ఇబ్బంది, దించే స్ప్రింగు మామూలుదానికంటే గట్టిది. నొక్కుకున్నాక అది తన్నే తన్నును అరిగిపోయిన పాత షాకర్ ఆపలేదు. స్ప్రింగులు మాత్రమే మార్చిన కార్లు బ్రేకర్ దగ్గర గెంతులు వేస్తూ వెళ్లేది అందుకే. కంపెనీ స్ప్రింగునే ఒక చుట్టు కోయించుకునేవాళ్ల గురించి నేనేం మాట్లాడను. కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదని తెలిసీ అందులో పిల్లల్ని ఎక్కించుకునే ధైర్యం నాకు లేదు.

బిగించే పని ముందు వైపు కష్టం, వెనక వైపు తేలిక. పోలోలో ముందు స్ట్రట్ (షాకర్, స్ప్రింగు కలిసి ఒకే ముక్కగా ఉండేది) కింది కొస, చక్రం హబ్బు ఉండే పోతపోసిన లోహపు ముక్కలో బిగుతుగా దూరి ఉంటుంది. ఆ ముక్కకుండే చీలికను కాస్త విప్పడానికి ఒక స్ప్రెడర్ బిట్ ఉంటుంది. దాన్ని పెట్టి పావు చుట్టు తిప్పితే స్ట్రట్ జారుతుంది. అది లేనివాళ్లు ఉలి పెట్టి సుత్తితో బాదుతారు. గ్యారేజీ ఎంచుకునేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, ఆ బిట్ ఉందా అని. ఉందన్న ఒక్క మాటకే కూకట్‌పల్లి అవతల దాకా వెళ్లాను. స్ట్రట్ బయటికి వచ్చాక స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కిపట్టి పైనట్టు విప్పాలి. ఆ సమయంలో దగ్గర నిలబడి ఫొటోలు తీయకండి, జారితే మొహం మీదికే వస్తుంది. వెనక మాత్రం స్ప్రింగు వేరు, షాకర్ వేరు. షాకర్ కింది బోల్టు తీసి వెనక చక్రాలు రెండింటినీ కలిపే బీమ్‌ను దించితే స్ప్రింగు చేతికి వచ్చేస్తుంది.

చిన్న సామాన్ల దగ్గర పీనాసితనం వద్దు. టాప్ మౌంట్లు (స్ట్రట్ పైకొసను బాడీకి పట్టి ఉంచేవి), వాటి బేరింగులు, బంప్ స్టాప్‌లు (షాకర్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపేవి), డస్ట్ కవర్లు అన్నీ కొత్తవే వేయండి. "పాతవి బానే ఉన్నయ్ కదన్నా, ఎందుకు ఖర్చు" అని మెకానిక్ అన్నాడు. విప్పిన బేరింగును అరచేతిలో పెట్టి తిప్పితే ఇసుక నములుతున్నట్టు కరకరమంది, ఆ తర్వాత మళ్లీ అనలేదు. అది పట్టేస్తే, నిలబడ్డచోట స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు మెలిక పడి ఒక్కసారిగా వదిలేసుకుంటుంది, "టంగ్" మని చప్పుడొస్తుంది. కొత్త షాకర్లు వేయించాక చప్పుడు వస్తోందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇలాంటి చోట్లే ఉంటుంది. రాణిగంజ్‌లో గానీ పుత్లిబౌలిలో గానీ వెతికితే ఇవన్నీ ఒక పూటలో దొరుకుతాయి.

ఇంకొక్క జాగ్రత్త. రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని కారు జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద నిలబడి అసలు ఎత్తుకి వచ్చాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. దీని గురించి మెకానిక్‌కి ముందే చెప్పి, పని జరిగేటప్పుడు అక్కడే ఉండండి.

హబ్బు మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి ముందూ తర్వాతా కొలిచాను. ముందు 35 మి.మీ., వెనక 30 మి.మీ. దిగింది. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ) సుమారు 165 మి.మీ. పాత 185/60 ఆర్15 టైర్ల బదులు కాస్త పెద్దవి, 195/60 వేయించాను. టైరు వ్యాసం 12 మి.మీ. పెరిగితే ఎత్తు అందులో సగం, అంటే 6 మి.మీ. తిరిగొస్తుంది. చివరికి మిగిలింది 135 చుట్టుపక్కల. స్ప్రింగులు కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎందుకంటే ఎత్తు మారితే ముందు చక్రాల కోణం మారుతుంది. ఇంతకంటే దించితే లాభం కూడా తిరగబడుతుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చేయి) కొస పైకి తిరిగిపోయి, కారు మలుపులో మరింత ఒరగాలని చూస్తుంది. నేలకు అంటుకుపోయినట్టు కనిపించే కార్లన్నీ మలుపుల్లో బాగా వెళ్తాయని అనుకోవద్దు.

ఇక నడపడం. ఓఆర్ఆర్‌లో కుడివైపు రెండు లేన్లలో 120 దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో లేన్ మారితే కారు ఒకే కదలికలో మారి అక్కడే ఆగుతుంది, వెనక భాగం ఆలస్యంగా వచ్చి కలవడం లేదు. గట్టిగా బ్రేక్ వేస్తే ముక్కు కిందికి కుంగడం బాగా తగ్గింది. పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వచ్చే వంతెన జాయింట్లు ఇప్పుడు బాగా తెలుస్తాయి, కానీ ఒక్క "దబ్" తో అయిపోతాయి. పాత షాకర్లతో ఆ ఊపు తర్వాతి జాయింట్ దాకా సాగేది. శ్రీశైలం దారిలో మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి అడవిలోకి వెళ్లాక, ఘాట్ దిగే ఆ మలుపుల్లో డబ్బులు ఎక్కడికి పోయాయో అర్థమవుతుంది. స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు మళ్లిన క్షణానికీ మధ్య ఖాళీ లేదు. వెనక సీట్లో మా పాపకి ఎప్పుడూ అక్కడే వాంతులయ్యేవి, ఇప్పుడు నిద్రపోతోంది.

అదే దారిలో బావమరిది కారు నడిపితే? నిజం చెప్పాలంటే ఈ సుఖంలో ముప్పాతిక వంతు వాడి కారులోనూ ఉంది. మలుపులో నాదానికంటే కొంచెం ఎక్కువ ఒరుగుతుంది, అంతే. స్థిరత్వం షాకర్ ఇచ్చింది. స్ప్రింగు ఇచ్చింది ఆ చివరి పదును, దాంతో పాటు అందం. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఆ వెలితి పోయాక కారు చూడ్డానికి ఎంత బాగుందో నేను ఒప్పుకోవాల్సిందే. పార్కింగ్‌లో దిగి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తాను.

కానీ ఊళ్లోకి వస్తే లెక్క వాడి వైపు తిరుగుతుంది. గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. గంటకి 25 కి.మీ. వేగంతో హాయిగా దాటేలా వేసిన లెక్క అది. పోలో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండున్నర మీటర్ల లోపే, కాబట్టి అలాంటి బ్రేకర్ మీదికి కారు మొత్తం ఎక్కి దిగుతుంది, అడుగు తగిలే ప్రశ్నే లేదు. నిజాంపేట, బాచుపల్లి కాలనీల్లో అది ఎక్కడ కనిపిస్తుంది? ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటును అడుగున్నర వెడల్పులో పోసి తాపీతో గుండ్రంగా చేస్తే అదే బ్రేకర్. ఒంటరిగా ఉంటే వాటిని కూడా దాటేస్తాను. ఐదుగురం, డిక్కీలో సామాను ఉంటే చక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కేలా అడ్డంగా తిప్పి దాటాలి, వెనక బైకులవాళ్ల హారన్లు వింటూ. మా సెల్లార్ ర్యాంపూ అంతే. వాచ్‌మన్ ముందుకొచ్చి వంగి చూస్తూ, "సార్, కింద తాకుతది, జర పక్కకు తిప్పుండ్రి" అని చెప్తుంటాడు. బావమరిది అదే ర్యాంపు మీద ఫోన్లో మాట్లాడుతూ ఎక్కేస్తాడు. "బావా, నీ కారు దగ్గర నిలబడితే బాగుంటుంది, నా కారులో కూర్చుంటే బాగుంటుంది" అని వాడి జోకు. మా అమ్మ మొదటిసారి వెనక సీట్లో కూర్చుని రెండు గుంతలు దాటగానే, "ఒరేయ్, కొత్తవి వేయించానన్నావు, పాతవే నయం కదరా" అంది. తక్కువ వేగంలో, చిన్న చిన్న గతుకుల్లో ఆవిడ మాటే నిజం. వేగం పెరిగే కొద్దీ మెరుగవుతుంది, కానీ అమ్మ తిరిగేది గుడికీ ఆసుపత్రికీ.

వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్ల మీద నేను వెనక్కి తిప్పేస్తాను, ఇంకేం చెప్పను.

ఇవి వేయించి నలభై వేల కిలోమీటర్లు పైబడ్డాక పరిస్థితి ఇది. షాకర్లలో ఆయిల్ చెమ్మ లేదు, బిగువు తగ్గలేదు. స్ప్రింగులు ఇంకా కిందికి దిగలేదు, మొన్న మళ్లీ కొలిచాను. లింక్ రాడ్లు (మలుపుల్లో ఒరుగును తగ్గించే కడ్డీకి కలిపేవి) ఒకసారి మార్చాను, మన గుంతలకి అవి ఎలాగూ నిలవవు. ముందు టైర్ల లోపలి అంచు బయటి అంచు కంటే కొంచెం ఎక్కువ అరిగింది. అలైన్‌మెంట్ చూపిస్తూ టైర్లు మార్చి మార్చి వేయిస్తే ఇబ్బంది లేదు. ఇంజన్ కింది ప్లాస్టిక్ తొడుగు మీద మాత్రం గీతలు లెక్కలేనన్ని.

సామాన్లు, మజూరీ, అలైన్‌మెంట్ కలిపి లక్ష దాటింది. ఇదే డబ్బుతో మీరు మొదలుపెడుతుంటే, ఇంట్లో పెద్దవాళ్లుండి కారు ఒక్కటే అయితే, బి6 తీసుకుని స్ప్రింగుల జోలికి వెళ్లకండి. ముందు బి8 కొని నచ్చకపోతే కంపెనీ స్ప్రింగులు తిరిగి పెట్టుకుందాం అనుకుంటే కుదరదు, ఆ షాకర్ పొడవు వాటికి సరిపోదు. మళ్లీ షాకర్లు కొనాల్సిందే. రెండో కారు ఉంటే, లేదా నాలాగా ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ వైపు వెళ్లే పిచ్చి ఉంటే, నేను వేయించిందే వేయించుకోండి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. స్ప్రింగు ఎత్తు ఆర్‌సీలో ఉండదు, అయినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకున్నాను. పాత స్ప్రింగులు, షాకర్లు రెండూ అటక మీద ఉన్నాయి. మెకానిక్ స్ప్రింగులు అడిగాడు, ఇవ్వలేదు. ఎప్పుడైనా కారు అమ్మాల్సి వస్తే కొనేవాడికి కంపెనీ ఎత్తే కావాలి. అప్పుడు ఈ కిట్‌ను విడిగా అమ్ముకుంటాను.